డ్రైవింగ్ లైసెన్స్: ఇంగ్లీషులో తప్పు లేకుండా రాయడం, చెప్పడం ఎలా?

విశాఖ ద్వారకానగర్‌లో నేను స్పోకెన్ ఇంగ్లీషు చెప్పే గది కింద ఒక జిరాక్స్ షాపు ఉంది. ఒకరోజు సాయంత్రం క్లాసు అయ్యాక కిందికి దిగితే, ఒక పెద్దాయన అక్కడ స్టూలు మీద కూర్చుని పోలీస్ స్టేషన్‌కి ఇవ్వాల్సిన లెటర్ టైపు చేయించుకుంటున్నారు. సింహాచలం బస్సులో పర్సు పోయిందట. అందులో ఉన్న డబ్బు కంటే లైసెన్సు గురించే ఆయన దిగులు. ఆయన తెలుగులో చెబుతుంటే షాపు కుర్రాడు ఇంగ్లీషులోకి మార్చి టకటకా కొడుతున్నాడు. స్క్రీన్ మీద చూద్దును కదా, “ఐ లాస్ట్ మై డ్రైవింగ్ పర్మిషన్” అని ఉంది.

నవ్వు ఆపుకున్నాను. ఆ వాక్యం చదివిన ఎస్సైగారికి, ఇంట్లో కొడుకులు తాళాలు లాక్కుని “ఇక బండి తీయొద్దు నాన్నా” అన్నారేమో అనిపిస్తుంది గానీ, కార్డు పోయిందని తట్టదు. “పర్మిషన్ తీసేసి లైసెన్స్ అని పెట్టు బాబూ” అన్నాను. పెట్టాడు. పెట్టగానే ఆ మాట కింద ఎర్ర గీత పడింది. “తప్పంటోంది మేడం. సి పెట్టాలా, ఎస్ పెట్టాలా?” అన్నాడు.

ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. అమెరికా చదువులకి వెళ్ళే పిల్లలు, గల్ఫ్‌లో డ్రైవర్ ఉద్యోగానికి బయోడేటా రాయించుకునేవాళ్ళు, ఇంటర్వ్యూలో “డు యు డ్రైవ్?” అంటే ఏం చెప్పాలో తెలియక తడబడినవాళ్ళు. అందుకే మొత్తం ఒకచోట పెడుతున్నాను. ముందే ఒక మాట: స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా వచ్చిందని మీ అప్లికేషన్‌ని ఎవరూ విసిరికొట్టరు. దానికి టెన్షన్ పడకండి. కానీ మాటే తప్పయితే అర్థం మారిపోతుంది. కాబట్టి ముందు మాట సంగతి చూద్దాం, అక్షరం సంగతి తర్వాత.

మొదటి పని: మూడు మాటల్ని విడదీయండి

పర్మిషన్, లైసెన్స్, పర్మిట్. తెలుగులో మూడింటికీ “అనుమతి” అనేస్తాం, చిక్కంతా అక్కడే.

పర్మిషన్ అంటే ఒక మనిషి ఇంకో మనిషికి ఇచ్చే సమ్మతి. నాన్న కారు తీసుకెళ్ళమంటే అది పర్మిషన్. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బండి పెట్టుకోమని సెక్రటరీగారు అంటే అదీ పర్మిషనే. దీనికి పరీక్ష ఉండదు, కార్డు ఉండదు, వద్దనుకుంటే సాయంత్రానికి వెనక్కి తీసుకోవచ్చు.

లైసెన్స్ అంటే మీకు నడపడం వచ్చో రాదో పరీక్షించి, చట్టం ప్రకారం ప్రభుత్వం మీ పేరు మీద ఇచ్చేది. మీ లైసెన్సుతో మీ తమ్ముడు బండి నడపలేడు. మీ బండి అమ్మేసినా లైసెన్సు మీ దగ్గరే ఉంటుంది.

పర్మిట్ దగ్గర మాత్రం నేను వివరించడం కంటే, మద్దిలపాలెంలో ఒక ఆటో ఆయన చెప్పిందే బాగుంది. క్లాసుకి వస్తూ మాటల్లో అడిగితే వెనక్కి తిరగకుండానే, “లైసెన్సు నాదమ్మా, పర్మిట్టు బండిది” అన్నాడు. అంతే. మన దేశంలో పర్మిట్ అనేది ఆటోకి, టాక్సీకి, లారీకి, బస్సుకి ఇస్తారు, ఆ బండిని కిరాయికి తిప్పుకోవడానికి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం కూడా రెండో సెక్షన్‌లోనే డ్రైవింగ్ లైసెన్స్‌కి ఒక నిర్వచనం, పర్మిట్‌కి వేరే నిర్వచనం ఇస్తుంది. కాబట్టి “ఐ హావ్ ఎ డ్రైవింగ్ పర్మిట్” అని మీరు బయోడేటాలో రాస్తే, చదివేవాడు మీకు సొంత టాక్సీ ఉందేమో అనుకునే ప్రమాదం ఉంది.

అనుమానం వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇచ్చింది ఎవరు? ఇచ్చింది దేనికి? మనిషి ఇస్తే పర్మిషన్. ప్రభుత్వం మనిషికి ఇస్తే లైసెన్స్. ప్రభుత్వం బండికి ఇస్తే పర్మిట్.

ఈ లెక్క తప్పేచోట్లు రెండున్నాయి. అమెరికాలో మన ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేటప్పుడు ఇచ్చే తాత్కాలిక లైసెన్సు) లాంటిదాన్ని చాలా రాష్ట్రాల్లో “లర్నర్స్ పర్మిట్” అంటారు. రెండోది ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. అది మనిషి పేరు మీదే వస్తుంది. మన లైసెన్సు ఉన్నవాళ్ళు ఇక్కడి ఆర్టీఏ ఆఫీసులోనే తీసుకోవచ్చు, ఏడాది వరకు చెల్లుతుంది. దాన్ని “ఇంటర్నేషనల్ లైసెన్స్” అని పిలవడం మనవాళ్ళకి బాగా అలవాటు. అది విడిగా పనిచేసే లైసెన్సు కాదు. అసలు లైసెన్సుకి తోడుగా చూపించే పుస్తకం. అది పట్టుకుని అసలు కార్డు ఇంట్లో మర్చిపోయి విమానం ఎక్కితే, అక్కడ కారు అద్దెకిచ్చే కౌంటర్ దగ్గర ఇబ్బంది పడతారు.

రెండో పని: సి, ఎస్ తగువు తీర్చుకోండి

ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ రాయండి. ఎల్-ఐ-సి వరకు ఎవరికీ అనుమానం రాదు, మన ఇన్సూరెన్సు కంపెనీ పేరే. ఆ తర్వాత ఇ, ఎన్. గొడవంతా ఆరో అక్షరంతో. అది సి అయితే ఒక స్పెల్లింగ్, ఎస్ అయితే ఇంకోటి. చివర ఎలాగూ ఇ వస్తుంది.

బ్రిటిష్ పద్ధతిలో, అంటే మన ప్రభుత్వం వాడే పద్ధతిలో, అది వస్తువు పేరైతే సి, చేసే పనైతే ఎస్. జేబులో ఉన్న కార్డు గురించి రాస్తుంటే సి. ప్రభుత్వం ఒకరికి నడిపే హక్కు ఇచ్చింది అనే క్రియగా రాస్తుంటే ఎస్. నా క్లాసులో దీన్ని ఇలా గుర్తుపెట్టిస్తాను: కార్డుకి సి, శాంక్షన్‌కి ఎస్. కార్డు అనే ఇంగ్లీషు మాట సి తోనే మొదలవుతుంది, శాంక్షన్ ఎస్ తో మొదలవుతుంది. ఇంతకంటే తేలికైన కిటుకు నాకు ఇంకా దొరకలేదు.

అమెరికన్ పద్ధతిలో ఈ తేడా లేదు. కార్డుకైనా, పనికైనా ఎస్సే.

ఇలాంటి జంట మీకు ఇదివరకే తెలుసు. సలహా అనే అర్థంలో వచ్చే “అడ్వైస్”కి సి, సలహా ఇవ్వు అనే “అడ్వైజ్”కి ఎస్. అక్కడ పలికేటప్పుడే తేడా చెవికి వినిపిస్తుంది కాబట్టి చెయ్యి తప్పు రాయదు. ఇక్కడ ఆ సాయం లేదు. రెండు స్పెల్లింగులూ పలకడానికి ఒక్కటే: లైసెన్స్. మొదటి అక్షరం మీద ఒత్తు, తర్వాతి భాగం తేలిక. బహువచనమైతే “లైసెన్సిజ్”. మన తెలుగు నాలుక “లైసెన్సు” అని చివర ఉకారం చేర్చుకుంటుంది, తెలుగులో మాట్లాడేటప్పుడు అది తప్పేమీ కాదు, నేనూ అంటాను. ఇంగ్లీషు ఇంటర్వ్యూలో మాత్రం ఆ ఉకారం చేర్చకుండా “లైసెన్స్” దగ్గరే ఆపేయండి.

ఇప్పుడు అసలు తిరకాసు. “లైసెన్స్‌డ్” అనే మాట, అంటే లైసెన్సు పొందిన అనే అర్థంలో వచ్చేది, బ్రిటిష్‌లోనూ అమెరికన్‌లోనూ ఎప్పుడూ ఎస్ తోనే. అది క్రియ నుంచి పుట్టింది కాబట్టి. “లైసెన్సింగ్” కూడా అంతే. సి పెట్టి “లైసెన్స్‌డ్” అని రాసిన షాపు బోర్డులు ఊళ్ళో కనిపిస్తూనే ఉంటాయి. నిన్నగాక మొన్న జగదాంబ దగ్గర సిగ్నల్‌లో ఆగినప్పుడు ఒకటి చూశాను. పక్కన నా స్టూడెంట్ ఉంది, మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఈ తేడా ఒకేచోట చూడాలంటే మోటారు వాహనాల చట్టం ఇంగ్లీషు ప్రతి తెరవండి. రెండో సెక్షన్‌లో 19వ నిర్వచనం “లర్నర్స్ లైసెన్స్”. అక్కడ సి. దాని కిందే 20వ నిర్వచనం “లైసెన్సింగ్ అథారిటీ”. అక్కడ ఎస్. ఒకబ్బాయి అది చూసి “గవర్నమెంటోళ్ళు కూడా తప్పు కొట్టారు మేడం” అని సంబరపడ్డాడు. తప్పు కాదు. మొదటిది కార్డు, రెండోది ఆ పని చేసే అధికారి. అదే పీడీఎఫ్‌లో ఎస్ తో “డ్రైవింగ్ లైసెన్స్” అని వెతికితే దాదాపు ఏమీ దొరకదు. సి తో వెతికితే పేజీల కొద్దీ వస్తుంది. చట్టం చదువుకునే పిల్లలు, పోటీ పరీక్షల వాళ్ళు ఇది గమనించండి.

మరి జిరాక్స్ షాపులో ఎర్ర గీత ఎందుకు పడింది? ఆ కంప్యూటర్‌లో భాష అమెరికన్ ఇంగ్లీషుగా పెట్టి ఉంది, అంతే. వర్డ్‌లో కింది పట్టీ మీద భాష పేరు కనిపిస్తుంది. దాని మీద నొక్కి ఇండియా ఇంగ్లీషు గానీ యూకే ఇంగ్లీషు గానీ ఎంచుకోండి, గీత పోతుంది. ఫోన్ కీబోర్డులో కూడా అదే మార్పు చేసుకోండి, లేకపోతే మీరు సి కొట్టిన ప్రతిసారీ అది ఎస్ చేసి పెడుతుంది. మీరు తప్పు రాశారని జనం అనుకుంటారు.

విదేశాలకి వెళ్ళేందుకు ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాసేవాళ్ళు అడుగుతారు కాబట్టి చెబుతున్నా: అందులో రెండు పద్ధతులూ ఒప్పుకుంటారు. కానీ ఒక వ్యాసంలో ఒకే పద్ధతి ఉండాలి. పై పేరాలో సి, కింది పేరాలో ఎస్ పెడితే మాత్రం బాగుండదు.

మూడో పని: మీ కార్డు తీసి చూడండి

ఇదంతా గుర్తుండదు అనుకుంటే జేబులోంచి కార్డు తీయండి. 2019లో దేశమంతటికీ ఒకే నమూనా తెచ్చాక వచ్చిన కార్డుల మీద పైనే “ఇండియన్ యూనియన్ డ్రైవింగ్ లైసెన్స్” అని ఉంటుంది, సి తో. మన దేశంలో ఏ దరఖాస్తులో రాసినా అదే చూసి దించేయండి. “డ్రైవర్ లైసెన్స్”, “డ్రైవ్ లైసెన్స్”, “వెహికల్ లైసెన్స్” అని సొంతంగా పేర్లు పెట్టకండి. “వెహికల్ లైసెన్స్” అసలే వద్దు, అది ఆర్‌సీ, అంటే బండి రిజిస్ట్రేషన్ కార్డు, గురించి అనుకుంటారు.

పాత లైసెన్సు కాగితాల్లో “ఈజ్ లైసెన్స్‌డ్ టు డ్రైవ్ త్రూఅవుట్ ఇండియా” అనే వాక్యం ఉండేది, అక్కడ ఎస్. పైన పేరు సి తో, లోపల వాక్యం ఎస్ తో. కార్డుకి సి, శాంక్షన్‌కి ఎస్ అన్నది ఒక్క కాగితంలోనే చూడొచ్చు.

కార్డు చేతిలో ఉండగానే ఇంకో సంగతి. కొన్ని కార్డుల వెనక “ఇన్‌వాలిడ్ క్యారేజ్” అని ఒక గడి ఉంటుంది. గాజువాక నుంచి వచ్చే ఒక అమ్మాయి అది చూసి తన లైసెన్సు చెల్లదేమోనని రాత్రంతా నిద్రపోలేదు. అక్కడ “ఇన్‌వాలిడ్” అంటే చెల్లనిది అని కాదు, శారీరక వైకల్యం ఉన్నవారు అని పాత అర్థం. వాళ్ళ కోసం ప్రత్యేకంగా తయారైన బండి వివరాలకి ఆ గడి. ఉచ్చారణ కూడా వేరు: చెల్లనిది అయితే “ఇన్‌వ్యాలిడ్” అని మధ్యలో ఒత్తుతారు, ఇక్కడ మొదట్లో ఒత్తుతారు. చట్టంలో ఆ పాత మాట తీసేసి “అడాప్టెడ్ వెహికల్” అని పెట్టారు, 2019 సవరణలో. మంచి పని చేశారు.

కార్డు మీద కనిపించే పొడి అక్షరాల్లో ఎన్‌టీ అంటే నాన్ ట్రాన్స్‌పోర్ట్, సొంత వాడకం బండి. టీఆర్ అంటే ట్రాన్స్‌పోర్ట్. ఎంసీడబ్ల్యూజీ అంటే గేర్ ఉన్న మోటార్ సైకిల్, ఎల్‌ఎంవీ అంటే కారు లాంటి తేలికపాటి వాహనం. ఇవి మన ఆఫీసులకి అర్థమవుతాయి. విదేశీ కంపెనీకి రాసే బయోడేటాలో ఈ పొడి అక్షరాలు పెట్టకుండా కార్స్ అండ్ మోటార్‌సైకిల్స్ అని విడమరిచి రాయండి.

నాలుగో పని: ముందుండే క్రియ సరిచూసుకోండి

స్పెల్లింగ్ కంటే ఇక్కడ పోయే పరువు ఎక్కువ. ఎందుకంటే మనం తెలుగులో అనుకుని ఇంగ్లీషులో అంటాం.

“లైసెన్సు ఉంది” అనడానికి “లైసెన్స్ ఈజ్ దేర్” అంటారు. కొంచెం చదువుకున్నవాళ్ళు “ఐ యామ్ హావింగ్ లైసెన్స్” అంటారు. రెండూ వద్దు. “ఐ హావ్ ఎ డ్రైవింగ్ లైసెన్స్” అనండి. ఆ మధ్యలో ఉన్న చిన్న “ఎ”ని మింగేయకండి, మన భాషలో అది లేదు కాబట్టి మింగేస్తాం. కాగితం మీద ఇంకొంచెం దర్జాగా కావాలంటే “ఐ హోల్డ్ ఎ వ్యాలిడ్ ఇండియన్ డ్రైవింగ్ లైసెన్స్”.

“2015లో లైసెన్సు తీసుకున్నాను” అనేది “ఐ టుక్ లైసెన్స్ ఇన్ 2015” అవుతుంది మన నోట్లో. తీసుకోవడం అంటే టేక్ కదా అని. ఇంగ్లీషువాళ్ళు “ఐ గాట్ మై లైసెన్స్ ఇన్ 2015” అంటారు. టేక్ అనే మాట పరీక్షకి వాడతారు: “ఐ టుక్ మై డ్రైవింగ్ టెస్ట్”. మనం “ఐ గేవ్ మై టెస్ట్” అంటాం, మన దేశంలో అది అందరికీ అర్థమవుతుంది కూడా, కానీ బయటివాళ్ళకి పరీక్ష పెట్టింది మీరేనేమో అనిపిస్తుంది.

“లైసెన్సు అయిపోయింది”. దీన్ని “మై లైసెన్స్ ఈజ్ ఫినిష్డ్” అంటే ఎవరికీ ఏమీ బోధపడదు. “మై లైసెన్స్ హాజ్ ఎక్స్‌పైర్డ్” అనాలి. “ఐ నీడ్ టు రెన్యూ ఇట్” అని తర్వాతి వాక్యం. ఎక్స్‌పైర్ అయిన రోజు నుంచి 30 రోజుల వరకు చెల్లుతుందనే పాత వెసులుబాటు 2019 సవరణతో పోయింది కాబట్టి ఈ వాక్యం అనాల్సిన పరిస్థితి రాకముందే తేదీ చూసుకోవడం మేలు. గడువుకి ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కి అప్లై చేసుకోవచ్చు. గడువు దాటి ఏడాది అయిపోతే మళ్ళీ డ్రైవింగ్ టెస్ట్ తప్పదు.

“డ్రైవింగ్ వచ్చా?” అంటే “యెస్, ఐ నో డ్రైవింగ్” అంటారు. “యెస్, ఐ కెన్ డ్రైవ్” అంటే చాలు. కానీ నడపడం వచ్చు అనేది వేరు, లైసెన్సు ఉంది అనేది వేరు. ఇంటర్వ్యూలో “డు యు డ్రైవ్?” అన్నప్పుడు రెండూ కలిపి చెప్పండి: “యెస్, ఐ డు, అండ్ ఐ హావ్ ఎ లైసెన్స్ ఫర్ బోత్ కార్స్ అండ్ బైక్స్”. స్టీల్‌ప్లాంట్ వైపు నుంచి వచ్చే ఒక కుర్రాడిని ఇంటర్వ్యూలో ఇదే అడిగితే “యెస్, ఫ్రమ్ నైన్త్ క్లాస్” అని నిజం చెప్పేశాడు. ఎదుటివాళ్ళు నవ్వారట. ఉద్యోగం వచ్చింది లెండి.

అదే చనువుతో ట్రాఫిక్ ఎస్సైగారి దగ్గర అనకండి. లైసెన్సు లేకుండా నడిపితే కేంద్ర చట్టంలో 5000 రూపాయల జరిమానా ఉంది. ఇంకో సంగతి, “వితౌట్ లైసెన్స్” అనే మాటకి రెండు అర్థాలున్నాయి. అసలు తీసుకోకపోవడం ఒకటి, తీసుకున్నా ఆ పూట వెంట లేకపోవడం ఇంకోటి. మీది రెండోదైతే స్పష్టంగా “ఐ హావ్ ఎ లైసెన్స్, బట్ ఐ యామ్ నాట్ క్యారియింగ్ ఇట్” అనండి. డిజిలాకర్, ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లలో దేంట్లోనైనా ఉంటే ఫోన్ తీసి చూపించండి, అది కూడా చెల్లుతుంది. బీచ్ రోడ్డులో భీమిలి వైపు వెళ్తూ తడి బట్టల్లో పర్సు లేకుండా దొరికిపోయినవాళ్ళని ఆ ఫోనే కాపాడింది.

ఎల్‌ఎల్‌ఆర్‌ని ఏమనాలి?

మన దగ్గర అందరం ఎల్‌ఎల్‌ఆర్ అంటాం. మర్రిపాలెం ఆర్టీఏ ఆఫీసు బయట ఎవర్ని అడిగినా అదే. కానీ దక్షిణాది దాటితే చాలామందికి ఆ మూడక్షరాలు తెలియవు. కాగితం మీద “లర్నర్స్ లైసెన్స్” అని రాయండి. ఇంగ్లీషులో లర్నర్ తర్వాత పైన ఒక కొమ్మ, అంటే అపాస్ట్రఫీ, ఆ తర్వాత ఎస్. కొమ్మ ఎస్ కి ముందు రావాలి, తర్వాత కాదు. నేర్చుకునే ఒక మనిషి తాలూకు లైసెన్సు అని దాని అర్థం. అది ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాతే అసలు టెస్ట్‌కి వెళ్ళొచ్చు. ఈ మధ్యకాలంలో మీ పరిస్థితి ఎవరైనా అడిగితే “ఐ హావ్ ఎ లర్నర్స్ లైసెన్స్” అనే చెప్పండి. డ్రైవింగ్ లైసెన్స్ ఉందని రాసేయకండి, రెండూ చట్టంలో వేర్వేరు.

ఊరు దాటితే పేరు మారుతుంది

ఇది అందరికీ అక్కర్లేదు, వెళ్ళేవాళ్ళు చదువుకోండి.

బ్రిటన్‌లో మనలాగే డ్రైవింగ్ లైసెన్స్, సి తో. మన పేరు అక్కడి నుంచి వచ్చిందే. నేర్చుకునేవాళ్ళది మాత్రం “ప్రొవిజనల్ లైసెన్స్”.

అమెరికాలో “డ్రైవర్స్ లైసెన్స్”, ఎస్ తో. అంటే నడపడం అనే పనికి కాకుండా నడిపే మనిషికి అంటగట్టారు. మాటల్లో డ్రైవర్స్ అంటారు, కొమ్మ పెట్టి రాస్తారు. కానీ కాలిఫోర్నియా, టెక్సస్ లాంటి చోట్ల ప్రభుత్వం కార్డు మీద రాసేది “డ్రైవర్ లైసెన్స్”, కొమ్మా లేదు, ఎస్సూ లేదు. అక్కడ ఎవరైనా “కెన్ ఐ సీ యువర్ డ్రైవర్స్ లైసెన్స్?” అంటే, కారు నడపకపోయినా కంగారు పడొద్దు. వాళ్ళకి అది మన ఆధార్ కార్డులాగా గుర్తింపు కార్డు. వయసు చూడటానికి కూడా అదే అడుగుతారు.

కెనడా రెండింటినీ కలిపింది: మాట అమెరికాది, అక్షరం బ్రిటన్‌ది. “డ్రైవర్స్ లైసెన్స్” అంటారు, సి తో రాస్తారు. న్యూజిలాండ్‌లో, ఆస్ట్రేలియాలో చాలాచోట్ల “డ్రైవర్ లైసెన్స్”, సి తో.

అయితే మీ దగ్గర ఉన్నది మన కార్డు అయినప్పుడు, అమెరికా ఫారంలో కూడా “ఇండియన్ డ్రైవింగ్ లైసెన్స్” అని కార్డు మీద ఉన్నట్టే రాయండి. పేరు మార్చి రాస్తే అక్కడి కార్డు ఉందని అపార్థం చేసుకోవచ్చు. అక్కడి కార్డు వచ్చాక అక్కడి పేరు.

పోయినప్పుడు రాసే లెటర్

మళ్ళీ పెద్దాయన దగ్గరికి వద్దాం. “ఐ లాస్ట్ మై డ్రైవింగ్ లైసెన్స్” అని కుర్రాడు దిద్దాడు. అది తప్పు కాదు. కానీ బ్రిటన్ ఇంగ్లీషులో “హి లాస్ట్ హిజ్ లైసెన్స్” అంటే తాగి నడిపినందుకో, మరొకందుకో కోర్టు అతని లైసెన్సు లాగేసుకుంది అనే అర్థం కూడా ఉంది. తెలుగులో “వాడి లైసెన్సు పోయింది” అన్నా రెండు రకాలుగానూ వినిపిస్తుంది కదా. అందుకని నేను “కార్డ్” అనే మాట చేర్పించాను. కార్డు పోయింది గానీ హక్కు పోలేదు. మొత్తం ఇలా తయారైంది, మీరూ వాడుకోవచ్చు.

“టు, ద స్టేషన్ హౌస్ ఆఫీసర్” అని మొదలు. కింద విషయం: “లాస్ ఆఫ్ డ్రైవింగ్ లైసెన్స్ కార్డ్”. తర్వాత మూడు నాలుగు వాక్యాలు చాలు.

“ఐ లాస్ట్ మై పర్స్ ఆన్ ఎ సిటీ బస్ బిట్వీన్ ఆర్టీసీ కాంప్లెక్స్ అండ్ సింహాచలం.” ఇక్కడే తేదీ, సుమారు టైము రాయాలి.

“మై ఒరిజినల్ డ్రైవింగ్ లైసెన్స్ కార్డ్ వాజ్ ఇన్ ఇట్.” దీని పక్కనే లైసెన్సు నంబరు. అన్ని స్పెల్లింగుల కంటే ఇది ముఖ్యం. ఒక్క అంకె తప్పినా ఆ లెటర్ పనికిరాదు. జిరాక్స్ కాపీ గానీ ఫోన్‌లో ఫొటో గానీ ఉంటే దాన్ని చూసే కొట్టించండి, జ్ఞాపకం మీద వద్దు.

“ద లైసెన్స్ వాజ్ ఇష్యూడ్ ఎట్ విశాఖపట్నం.” లైసెన్సు ఇచ్చారు అనడానికి ఇష్యూ సరైన మాట. “గివెన్” అని రాస్తే ఎవరో చేతిలో పెట్టారన్నట్టు ఉంటుంది.

“ఐ రిక్వెస్ట్ యు టు రికార్డ్ ద లాస్, సో దట్ ఐ కెన్ అప్లై ఫర్ ఎ డూప్లికేట్ లైసెన్స్.”

చివరి వాక్యం తెలుగులో చెప్పేసరికి పెద్దాయన ముఖం మారిపోయింది. “డూప్లికేట్ అంటే దొంగది కదమ్మా? పోలీసోళ్ళకి అలగ రాస్తే ఎలగ?” అన్నారు. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. మనం బజారులో నకిలీ సరుకుని డూప్లికేట్ అంటాం. ఆఫీసు ఇంగ్లీషులో మాత్రం పోయిన కాగితానికి బదులు అదే ఆఫీసు మళ్ళీ ఇచ్చే అసలు ప్రతిని అలా అంటారు, ఆన్‌లైన్ అప్లికేషన్‌లో కూడా అదే మాట ఉంటుంది. విదేశాల్లో అయితే రీప్లేస్‌మెంట్ అంటారు, ఇక్కడ ఆ మాట రాస్తే మళ్ళీ వివరించాల్సి వస్తుంది.

“అయితే గవర్నమెంటు డూప్లికేటు అన్నమాట” అని ఆయన ఒప్పుకున్నారు. కుర్రాడు ప్రింట్ ఇవ్వబోతే రెండు కాపీలు తీయమన్నాను. ఒకటి స్టేషన్‌లో ఇవ్వడానికి, రెండోదాని మీద తీసుకున్నట్టు ముద్ర వేయించుకోవడానికి.